పదో తరగతి పరీక్షలు: మార్చి వస్తే లెక్కల సారు 35 మార్కుల చుట్టూనే ఎందుకు తిరుగుతారు?

సాయంత్రం నాలుగున్నర దాటింది. ప్రభుత్వ హైస్కూలులో మిగతా పిల్లలంతా ఇళ్లకు వెళ్లిపోయారు. పదో తరగతి గదిలో మాత్రం స్పెషల్ క్లాసు నడుస్తోంది. బోర్డు మీద గ్రాఫు గీసి ఉంది. అదే రకం గ్రాఫు నిన్నా గీశారు, మొన్నా గీశారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ సర్కారు బడికి వెళ్లినా దాదాపు ఇదే దృశ్యం.

పుస్తకంలో 14 అధ్యాయాలు ఉంటే, సారు ఈ నాలుగైదింటినే ఎందుకు పట్టుకున్నారు? మీ అబ్బాయో అమ్మాయో పదో తరగతిలో ఉంటే ఈ సందేహం వచ్చే ఉంటుంది.

35 లెక్క ఇలా ఉంటుంది

ఆంధ్రప్రదేశ్‌లో గణితం ఒకే పేపరు, 100 మార్కులు. పాసవ్వడానికి 35 రావాలి. పేపరులో 1 మార్కు ప్రశ్నలు 12, 2 మార్కులవి 8, 4 మార్కులవి 8, 8 మార్కులవి 5 ఉంటాయి. ఆ 8 మార్కుల ప్రశ్నల్లో గ్రాఫు ఒకటి, సాంఖ్యక శాస్త్రం నుంచి ఒకటి వస్తాయని పిల్లలకూ సార్లకూ గట్టి నమ్మకం. ఆ రెండూ సరిగ్గా చేస్తే 16 మార్కులు, అంటే దాదాపు సగం దూరం దాటినట్టే. ఒక మార్కు ప్రశ్నల్లో ఏడెనిమిది, సంభావ్యతలో ఒకటి, శ్రేఢుల్లో ఇంకొకటి కలిస్తే ఒడ్డు కనిపిస్తుంది.

తెలంగాణలో రాత పరీక్ష 80 మార్కులకు, ఇంటర్నల్స్ 20కి. రాత పరీక్షలో 28 తప్పనిసరి. అక్కడ గ్రాఫుతో పాటు సరూప త్రిభుజాల నిర్మాణం, సమితులు కూడా ఈ 'గ్యారంటీ' జాబితాలో ఉంటాయి.

ఈ అధ్యాయాలనే ఎంచుకోవడానికి కారణం ఉంది. గ్రాఫులో పట్టిక వేస్తే కొన్ని మార్కులు, బిందువులు గుర్తిస్తే కొన్ని, గీత కలిపితే కొన్ని వస్తాయి. చివరి జవాబు తప్పినా చేసినంత వరకు మార్కులు పడతాయి. త్రికోణమితి సర్వసమీకరణాల్లో అలా కుదరదు. మొదటి మెట్టు దగ్గరే దారి తప్పితే చేతికి వచ్చేది సున్నా. (నిజం చెప్పాలంటే, ఇది రాస్తున్న నేనూ అప్పట్లో గ్రాఫు పుణ్యాన గట్టెక్కిన బాపతే.)

అసలు చిక్కు పదో తరగతిది కాదు

ప్రీఫైనల్ పేపర్లు దిద్దేటప్పుడు సారుకు కనిపించే తప్పుల్లో చాలావరకు పదో తరగతివి కావు. మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ఏమొస్తుంది, భిన్నాలను ఎలా కూడాలి, భాగహారం ఎలా చేయాలి అన్నచోట ఆగిపోయినవే. ఇది మన రాష్ట్రాలకే ఉన్న సమస్య కూడా కాదు. గ్రామీణ ప్రాంతాల్లో 14–18 ఏళ్ల వారిపై జరిపిన 'అసర్ 2023' సర్వేలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగిన వారు 43.3 శాతమే. అది మూడు, నాలుగు తరగతుల్లో రావాల్సిన లెక్క.

2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి వరకు పిల్లలను అదే తరగతిలో ఆపకూడదని చెప్పింది. ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టుకునే వీలు 2019 సవరణతో రాష్ట్రాలకు వచ్చింది. ఆపకపోవడం తప్పని నేను అనను. కానీ వెనుకబడిన పిల్లలకు మధ్యలో చేయూత అందకపోతే, ఆ బాకీ మొత్తం పదో తరగతి లెక్కల సారు ఖాతాలో పడుతుంది. అదీ పరీక్షలకు 60 రోజుల ముందు.

√2 కరణీయ సంఖ్య అని నిరూపించే లెక్కనే తీసుకోండి. అది అకరణీయమని ముందు అనుకుని, ఆ ఊహ నిలబడదని చూపించడమే అందులోని అందం. క్లాసులో తీరికగా చెబితే పిల్లల కళ్లు మెరిసే పాఠం. మార్చి నాటికి అది పద్యంలా అప్పజెప్పించే జవాబుగా మారిపోతుంది. √2 బదులు √5 ఇస్తే చాలామంది పెన్ను ఆగిపోతుంది. ఆ సంగతి అందరికన్నా ముందు తెలిసేది సారుకే. అయినా అప్పజెప్పిస్తారు, ఎందుకంటే ఆ పిల్లవాడికి కావలసింది ఇంకో నాలుగు మార్కులు.

ఒత్తిడి ఎవరి మీద?

ఫలితాలను జిల్లాల వారీగా, స్కూళ్ల వారీగా పోలుస్తారు. కరోనాతో రెండేళ్లు పరీక్షలు లేక, 2022లో మళ్లీ పెట్టినప్పుడు ఏపీలో ఉత్తీర్ణత 67.26 శాతానికి పడిపోయింది. 2025లో ఏపీలో 81.14, తెలంగాణలో 92.78 శాతం నమోదైంది. ఈ దశాంశాల వెనుక సమీక్షలు, వెనుకబడిన విద్యార్థుల 'దత్తత', ఉదయం సాయంత్రం స్పెషల్ క్లాసులు ఉంటాయి. గణితం తప్పితే నోటీసు రాకపోయినా, స్టాఫ్ రూంలో చూపులైతే సారు వైపే తిరుగుతాయి.

అదే సారు ఎనిమిది, తొమ్మిది తరగతులకూ చెప్పాలి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఆ వెంటనే ఇన్విజిలేషన్, ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషన్. ఈ హడావుడిలో నష్టపోయేది తొమ్మిదో తరగతి. వచ్చే ఏడాది గ్రాఫు చుట్టూ తిరిగేదీ వాళ్లే.

తల్లిదండ్రులు ఏం చేయొచ్చు?

ప్రీఫైనల్ జవాబు పత్రం చూపించమని అడగండి. మార్కులు చూసి కోప్పడకుండా, మీ పిల్లలు ఏ మెట్టు దగ్గర ఆగుతున్నారో సారును అడిగి తెలుసుకోండి. తొమ్మిదో తరగతి పిల్లలుంటే ఆ మాట ఇప్పుడే అడగడం మేలు. అప్పుడైతే భిన్నాలు మళ్లీ నేర్పడానికి వేసవి సెలవులు మిగులుతాయి. పదో తరగతి తర్వాత ఎంపీసీలోనో పాలిటెక్నిక్‌లోనో చేర్చాలనుకుంటే 35 లెక్క సరిపోదు. అక్కడ మొదటి ఏడాది నుంచే బీజగణితం, త్రికోణమితి మీద పాఠాలు నడుస్తాయి.

మార్కులపై అనుమానం ఉంటే రెండు రాష్ట్రాల్లోనూ రీకౌంటింగ్‌కు సబ్జెక్టుకు 500 రూపాయలు, రీవెరిఫికేషన్‌కు 1,000 రూపాయలు చెల్లించాలి. గడువు కొద్ది రోజులే ఉంటుంది కాబట్టి ఫలితాలు రాగానే హెడ్మాస్టర్‌ను కలవండి. తప్పినవారికి మే, జూన్ నెలల్లో సప్లిమెంటరీ పరీక్షలు ఉంటాయి. పరీక్షకు ముందైనా, ఫలితాల తర్వాతైనా పిల్లలు నిద్ర, తిండి మానేసి ముభావంగా ఉంటే టెలీమానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. ఈ సేవ ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు.