పథ్యమును గాయమును

పెద్ద ఆపరేషను చేయించుకొని యింటికి వచ్చిన రోగికి మన యిండ్లలో మొట్టమొదట నిషేధింపబడునది కందిపప్పు. పప్పు తినినచో కుట్లు చీము పట్టునని పెద్దలు చెప్పగా, బీరకాయ కూరయు, మిరియాల చారుతో కలిపిన మెత్తని అన్నమును, నడుమ నడుమ ఇడ్లీయో రొట్టెముక్కయో, వీనితోనే వారములు గడచుచుండును. ఈ పథ్యము వెనుకనున్న వాత్సల్యమును నే నెంతమాత్రమును శంకింపను. కాని శరీరమునకు మాంసకృత్తుల యవసరము మిక్కిలి హెచ్చిన వేళనే వానిని మనము విస్తరినుండి తొలగించుచున్నామని తెలిసినప్పుడు మనస్సు చివుక్కుమనక మానదు. చీము పప్పువలన పుట్టదు. గాయములో చొరబడిన సూక్ష్మక్రిములును, వానితో పోరాడి మడిసిన తెల్లరక్తకణములును కలిసి చీమగును. ఆ కణములను నిర్మించుటకు దేహము వెదకుకొనునది మాంసకృత్తులనే.

కత్తి పడిన చోట ఎఱ్ఱదనము, వేడి, వాపు, నొప్పి కలుగుట అందఱు నెఱిగినదే. దీనిని శోథమందురు. ఇది లేనిదే ఏ గాయమును మానదు. అయితే పొట్ట కోసి చేసిన పెద్ద శస్త్రచికిత్సలో ఇది గాయముకడనే నిలువక, రక్తములో కలిసిన సందేశద్రవ్యముల మూలమున దేహమంతటను వ్యాపించును. వానిలో నొకటియైన ఇంటర్‌ల్యూకిన్-6 కొన్ని గంటలలోనే పెరిగి కాలేయమును హెచ్చరింపగా, కాలేయము ఆల్బుమిన్ అను మాంసకృత్తు తయారీని తగ్గించి, సి-రియాక్టివ్ ప్రోటీనును విరివిగా పుట్టింపసాగును. ఇది రెండు మూడు దినములలో శిఖరము నంటి, పిమ్మట తగ్గుముఖము పట్టవలెను. కనుక ఆపరేషనైన మఱునాడు ఆల్బుమిన్ తక్కువగా కన్పించినంత మాత్రమున రోగి పస్తులున్నాడని నిర్ణయింపరాదు.

కాలేయము పుట్టించు ఈ క్రొత్త మాంసకృత్తుల నిర్మాణమునకు ముడిసరకు కండరములనుండి వచ్చును. గ్లాస్గో నగరమున డేవిడ్ కత్‌బర్ట్‌సన్ 1930 ప్రాంతమున, కాలియెముక విఱిగిన రోగుల మూత్రమును దినదినము పరీక్షించి, అందుండి పోవు నత్రజని విఱిగిన చోటినుండి మాత్రమే రాదగినంత స్వల్పము కాదనియు, దేహమందలి కండరములే కరగుచున్నవనియు గ్రహించెను. ఒక గ్రాము నత్రజని పోయినదనగా 6.25 గ్రాముల మాంసకృత్తులు, అనగా ఇంచుమించు 30 గ్రాముల కండ కరగినట్లు లెక్క. 10 గ్రాములు పోయిన దినమున 300 గ్రాములు! ఆపరేషనుకు ముందే చిక్కిపోయినవాని గతి యేమగునో 1936లో క్లీవ్‌లాండు వైద్యుడు హైరమ్ స్టడ్లీ చూపెను: జీర్ణాశయపు పుండ్లకు శస్త్రచికిత్స పొందినవారిలో, అదివఱకే బరువులో అయిదవవంతునకు పైగా కోల్పోయినవారిలో మూడింట నొకరు మరణింపగా, తక్కినవారిలో మృతులు నూటికి 3.5 మాత్రమే.

ఇంత తెలిసినను, రాత్రినుండి పచ్చిమంచినీళ్లు సైతము ముట్టనీయక, ఆపరేషను పిమ్మట ప్రేగులు కదలువఱకు దినములకొలది పస్తుంచుట చిరకాలము ఆచారమై యుండెను. డెన్మార్కు వైద్యుడు హెన్రిక్ కేలెట్ 1990 దశకమున ఆ యాచారమును ప్రశ్నించి, నొప్పిని చక్కగా అణచి, వెంటనే ఆహారమిచ్చి, త్వరగా నడిపించినచో రోగులు శీఘ్రముగా కోలుకొందురని నిరూపించెను. నేడు అనేకులకు మత్తు ఇచ్చుటకు 2 గంటల ముందువఱకు తేటనీరు త్రాగ ననుమతింతురు. నోట తినలేనివానికి గొట్టముద్వారా, ప్రేగులు పనిచేయనివానికి నరముద్వారా పోషణ యిచ్చు మార్గములు కలవు; కాని చిరకాలము ఉపవసించినవానికి ఒక్కుమ్మడిగా ఆహారమెక్కించినచో రక్తములో ఫాస్ఫేటు పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును.

కోలుకొనుచున్నవానికి కిలో బరువునకు దినమునకు 1.2 నుండి 1.5 గ్రాముల మాంసకృత్తులు సాధారణముగా నిర్దేశింపబడుచున్నవి. 60 కిలోల మనిషికి 72 నుండి 90 గ్రాములన్నమాట. గ్రుడ్డొకటి 6 గ్రాములు, నూఱు గ్రాముల కందిపప్పు సుమారు 22 గ్రాములు సమకూర్చును. చారన్నముతో ఈ లెక్క యెట్లు పూరింపబడును? ప్రేగులకు ఆపరేషనైనవారును, మూత్రపిండముల జబ్బు గలవారును మాత్రము ఏది, ఎంత, ఎప్పుడు తినదగునో తమ వైద్యునే అడుగవలెను.

నోరు చేదుగా నున్నదని పళ్లెము త్రోసివేయు రోగి మొండివాడు కాడు. శోథద్రవ్యములే ఆకలిని అణచివేయుచుండును. కదలనిచో కండరములు తినినదానిని సరిగా గ్రహింపలేవు. కావున మూడు పూటల బదులు ఆఱు పర్యాయములుగా, పాలో, పెరుగో, గ్రుడ్డో, మెత్తగా నుడికిన ముద్దపప్పో కొంచెము కొంచెముగా పెట్టి, పిదప చేయిపట్టి వసారాలో నాలుగడుగులు నడిపింపవలెను.