ఫాండెంట్ ఎందుకు ఎండిపోతుంది?

పుట్టినరోజు కేకు మీదికి పువ్వులు, బొమ్మలు చేశాక మిగిలిన మార్ష్‌మెలో ఫాండెంట్ ముద్దను కర్నూలు వేసవిలో బల్ల మీద వదిలేస్తే, కాసేపటికే పైన పెచ్చు కడుతుంది. ఎందుకు?

అందులో ఎక్కువ భాగం పంచదార పొడే. దాన్ని సాగేలా పట్టి ఉంచేవి మార్ష్‌మెలోలోని జెలటిన్, కొంచెం నీరు. కర్నూలు, కడపల్లో ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో పొడిగాలి ఆ నీటిని లాగేస్తుంది. ముద్ద గట్టిపడి పగుళ్లు తీస్తుంది. సముద్రం పక్కనున్న విశాఖలో బాధ దీనికి తలకిందులు: గాలిలోని తేమ పీల్చుకుని జిగటవుతుంది!

మరి దాచేదెలా? ముద్దకు పల్చగా డాల్డా రాసి, ప్లాస్టిక్ పొరలో గాలి చొరకుండా చుట్టి, మూత బిగుతుగా పట్టే డబ్బాలో, ఎండ తగలని చోట పెట్టాలి. ఫ్రిజ్ వద్దు; బయటికి తీయగానే చెమ్మ పడుతుంది. అంత పంచదార ఉన్నచోట సూక్ష్మజీవులకు నీరు అందదు. అందుకే మామిడి తాండ్రలా బయటే కొన్ని వారాలు నిలవుంటుంది.

మళ్లీ వాడేటప్పుడు పెద్దవాళ్ల చేత మైక్రోవేవ్‌లో 5, 10 సెకన్లు వేడిచేయించి పిసకండి. వేడికి జెలటిన్ మెత్తబడుతుంది. రంగు ముక్కలన్నీ కలిపితే వచ్చేది మట్టి రంగే. కేకు మీద చేసే చెట్ల మొదళ్లకు నాకు అదే ఇష్టం. క్రీము అంటిన ముక్కలను మాత్రం దాచొద్దు, అవి త్వరగా పాడవుతాయి.