రంప కొండల పాటలు: క్యాసెట్ నుంచి క్లౌడ్ దాకా.. మీ ఫోన్‌తో ఎలా కాపాడాలి?

ఇంట్లో మూలన పడేసిన పాత కీప్యాడ్ ఫోన్‌ని ఒకసారి ఛార్జింగ్ పెట్టి చూడండి. అందులో ఒక 2 జీబీ మెమరీ కార్డ్, ఆ కార్డ్‌లో పేరు కూడా సరిగ్గా లేని నాలుగైదు .ఏఎంఆర్ ఫైల్స్ కనిపించొచ్చు. చాలామందికి అవి చెత్త. ఫార్మాట్ కొట్టేసి కార్డ్‌ని ఇంకో దానికి వాడేస్తారు. కానీ రంపచోడవరం, మారేడుమిల్లి, దేవీపట్నం, వై.రామవరం వైపు అలాంటి ఫైల్‌ని డిలీట్ చేసే ముందు ఒక్క నిమిషం ఆగాలి. అది ఎవరి నాయనమ్మో పెళ్లిలో పాడిన పాటకి మిగిలిన ఒకే ఒక్క కాపీ కావొచ్చు.

ఫోన్ కెమెరాల గురించి, ప్రాసెసర్ల గురించి మనం రోజూ మాట్లాడుకుంటూనే ఉంటాం. ఈసారి ఫోన్‌లో ఎవరూ రివ్యూ చేయని పార్ట్ గురించి మాట్లాడుకుందాం: మైక్. దాంతో మన్యం పాటల్ని ఎలా రికార్డ్ చేయాలి, పాత క్యాసెట్లు, మెమరీ కార్డులు ఎలా కాపాడుకోవాలి, షేర్ చేసేటప్పుడు ఏం చూసుకోవాలి అనేది చూద్దాం.

ముందు ఈ పాటల సంగతి

గోకవరం దాటి అడవిలోకి వెళ్తే రంపచోడవరం వస్తుంది. ఈ పేరు వినగానే 1922 నుంచి 1924 వరకు జరిగిన రంప పోరాటం, అల్లూరి సీతారామరాజు గుర్తొస్తారు. ఈ కొండల్లో కొండరెడ్లు, కోయలు, కొండదొరలు, కొండ కమ్మరలు ఉంటారు. కొండరెడ్ల భాష తెలుగే, కాకపోతే యాస వాళ్లది. కోయలకి సొంత భాష ఉంది. 2011 జనాభా లెక్కల్లో కోయ తమ మాతృభాష అని చెప్పినవాళ్లు 4 లక్షలకు పైగానే.

కోయల రేలా పాటలు మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు "రేలా" అంటూ అందుకుంటారు. మా టీవీలో వచ్చిన జానపద పాటల పోటీకి "రేలా రే రేలా" అని పేరు పెట్టింది కూడా ఈ మాటతోనే. ఇక అడవి దున్న కొమ్ములు తలకి కట్టుకుని, పెద్ద డోళ్లు మెడకి వేసుకుని ఆడే కొమ్ము నృత్యం ఉంది. పైకి అరకు వైపు వెళ్తే థింసా. ఆడవాళ్లు ఒకరి నడుం చుట్టూ ఒకరు చేతులు వేసుకుని గుండ్రంగా కదులుతుంటే తుడుము, డప్పు, కిరిడి, మోరి మోగుతాయి. మామిడి పండుగకి, కొత్తల పండుగకి, పెళ్లికి, చావుకి దేని పాట దానికే.

వీటిలో చాలా వాటికి పుస్తకం లేదు, నొటేషన్ లేదు. పాడేవాళ్ల బుర్రే హార్డ్ డిస్క్. బ్యాకప్ మాత్రం లేదు.

ఇంత తొందర ఎందుకంటే

సకిని రామచంద్రయ్య పేరు చాలామందికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడే తెలిసింది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు దగ్గర కూనవరం ఆయన ఊరు. సమ్మక్క సారలమ్మల కథ, కోయ వీరుల కథలు డోలు వాయిస్తూ పాడేవారు. 2024 జూన్‌లో చనిపోయారు. అదే ఏడాది అక్టోబర్‌లో ఆదిలాబాద్ వైపు గుస్సాడి కళాకారుడు కనకరాజు కూడా వెళ్లిపోయారు. ఆయనా పద్మశ్రీ గ్రహీతే. అవార్డు వచ్చింది కాబట్టి వీళ్ల వీడియోలు కొన్ని అయినా మిగిలాయి. అవార్డులు రాని, ఊరు దాటి పేరు తెలియని పాటగాళ్ల సంగతేంటి?

రంపచోడవరం వైపు ఇంకో సమస్య కూడా ఉంది. పోలవరం ముంపు వల్ల దేవీపట్నం మండలంలో గోదారి ఒడ్డున ఉన్న కొండరెడ్డి, కోయ ఊళ్ల జనం పునరావాస కాలనీలకి మారాల్సి వచ్చింది. ఇల్లు మారితే పాట ఎందుకు పోతుంది అనుకోవచ్చు. కానీ ఫలానా కొండ దేవత ముందు, ఫలానా చెట్టు కింద, ఫలానా పంట కోసినప్పుడు మాత్రమే పాడే పాటలు ఉంటాయి. ఆ చోటు నీళ్లలోకి పోతే ఆ పాట పాడే సందర్భం కూడా పోతుంది. ఒక తరం పాడకపోతే తర్వాతి తరానికి అది ఉండేదని కూడా తెలియదు.

1927లో ఇలాంటి కథే ఒకటి

కంట్రీ మ్యూజిక్ అంటే మనకి టోపీ, గిటార్ గుర్తొస్తాయి. కానీ అది కూడా కొండల పాటే. అమెరికాలో అపలాచియన్ కొండల్లో ఇళ్లల్లో, పొలాల్లో, చర్చిల్లో పాడుకునే పాటలు. 1927 జులై 25 నుంచి ఆగస్ట్ 5 వరకు విక్టర్ కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అనే ఆయన బ్రిస్టల్ అనే చిన్న ఊరికి రికార్డింగ్ సామాను మోసుకెళ్లి 19 బృందాలతో 76 పాటలు రికార్డ్ చేశాడు. కార్టర్ ఫ్యామిలీ, జిమ్మీ రోడ్జర్స్ ప్రపంచానికి తెలిసింది అక్కడి నుంచే.

ఇందులో గ్యాడ్జెట్ యాంగిల్ ఏంటంటే, అప్పటికి రెండేళ్ల ముందే ఎలక్ట్రిక్ మైక్‌తో రికార్డింగ్ మొదలైంది. అంతకుముందు పెద్ద గొట్టం ముందు నిలబడి గట్టిగా అరవాల్సి వచ్చేది. మైక్ వచ్చాక ఇంట్లో పాడుకునే మెత్తటి గొంతు కూడా రికార్డ్ అయింది. కొత్త టెక్నాలజీ వచ్చింది కాబట్టే ఆ కొండల గొంతు బయటికి వినిపించింది.

అదే కథలో చేదు ముక్క కూడా ఉంది. ఏ.పీ. కార్టర్ ఊరూరా తిరిగి పాటలు సేకరించాడు. ట్యూన్లు గుర్తుపెట్టుకోవడంలో ఆయనకి సాయం చేసింది లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్ట్. ఎప్పటి నుంచో జనం పాడుకుంటున్న పాటలు కూడా కార్టర్ పేరు మీద కాపీరైట్ అయ్యాయి. రిడిల్ పేరు ఆ రికార్డుల మీద లేదు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీనికి వద్దాం.

పాత రికార్డింగ్స్ దొరికితే ఏం చేయాలి?

ముందు కీప్యాడ్ ఫోన్ ఫైల్స్. ఏఎంఆర్ అనేది ఫోన్ కాల్స్ కోసం చేసిన ఫార్మాట్. సెకనుకి 8 వేల శాంపిల్స్ మాత్రమే తీసుకుంటుంది. అంటే 4 కిలోహెర్ట్జ్ పైన ఉన్న సౌండ్ ఫైల్‌లోకి రాదు. మాట అర్థమవుతుంది కానీ గజ్జెల మెరుపు, తాళాల ఝల్లు పోతాయి. దానికి బదులు సైజ్ చాలా తక్కువ: బెస్ట్ క్వాలిటీలో కూడా నిమిషానికి దాదాపు 90 కేబీ. లెక్క ప్రకారం 2 జీబీ కార్డ్‌లో 360 గంటలకు పైగా పడుతుంది!

ఈ ఫైల్స్‌ని ఎంపీ3లోకి మార్చి ఒరిజినల్ డిలీట్ చేయకండి. మార్చితే క్వాలిటీ పెరగదు, ఇంకాస్త తగ్గుతుంది. ఒరిజినల్‌ని అలాగే ఉంచి, పని కోసం వేవ్ లేదా ఫ్లాక్ కాపీ తీసుకోండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ జత చేసిన ఆడాసిటీ ఈ పనిని ఫ్రీగా చేసేస్తుంది.

ఇక క్యాసెట్లు. టేప్‌ని ప్లేయర్‌లో పెట్టే ముందు పూర్తిగా ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి తిప్పండి. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న చుట్టలు కాస్త వదులవుతాయి. ప్లేయర్ హెడ్‌ని, రబ్బర్ రోలర్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడవండి. బూజు పట్టిన టేప్ అయితే అసలు ప్లే చేయొద్దు, తెలిసినవాళ్లకి చూపించండి.

క్యాసెట్ ప్లేయర్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి ల్యాప్‌టాప్‌కి స్టీరియో లైన్-ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డ్ ద్వారా కనెక్ట్ చేయండి. వాల్యూమ్ సగం దగ్గర పెట్టి, ఆడాసిటీలో మీటర్ ఎర్రగా మారకుండా చూసుకోండి. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ స్టీరియో అయితే నిమిషానికి 10 ఎంబీ పైన వస్తుంది, ఒక 60 నిమిషాల క్యాసెట్ దాదాపు 635 ఎంబీ. ఇప్పటి స్టోరేజ్‌కి అదో లెక్క కాదు.

నాయిస్ రిడక్షన్ బటన్ మీద మాత్రం చెయ్యి పెట్టే ముందు ఆలోచించండి. ఆ "స్‌స్‌" శబ్దంతో పాటు మోరి ఊదేటప్పటి గాలి, వెనకాల పిల్లల నవ్వు, అడవి చప్పుడు కూడా కొట్టుకుపోతాయి. శుభ్రం చేసింది ఒక కాపీ, చేయనిది ఒక కాపీ. రెండూ ఉంచండి.

కొత్తగా రికార్డ్ చేస్తుంటే ఈ సెట్టింగ్స్

ఫోన్‌తో వచ్చే రికార్డర్ యాప్ మాటల కోసం ట్యూన్ అయి ఉంటుంది. డోలు దెబ్బ పడగానే వాల్యూమ్ దానంతట అదే తగ్గిపోతుంది, పాట ఊగినట్టు వినిపిస్తుంది. అందుకే ఇవి చేయండి:

- ఆండ్రాయిడ్‌లో ఈజీ వాయిస్ రికార్డర్ లాంటి యాప్ వేసుకుని ఫార్మాట్ వేవ్‌కి మార్చండి. నాయిస్ సప్రెషన్, ఆటో గెయిన్ ఆప్షన్లు కనిపిస్తే ఆఫ్ చేయండి. ఐఫోన్‌లో వాయిస్ మెమోస్ సెట్టింగ్స్‌లో ఆడియో క్వాలిటీని లాస్‌లెస్ చేయండి.
- డోళ్లకి మూడు నాలుగు మీటర్ల దూరంలో, పాడేవాళ్లకి కాస్త దగ్గరగా ఫోన్ పెట్టండి. ముందుగా అన్నిటికంటే గట్టి దెబ్బ కొట్టమని చెప్పి టెస్ట్ చేయండి.
- ఫోన్ చేత్తో పట్టుకోవద్దు. మడత పెట్టిన తువ్వాలు మీద పెట్టండి. కొండ గాలికి పల్చటి సాక్స్ తొడిగినా సరిపోతుంది.
- ఏరోప్లేన్ మోడ్ తప్పనిసరి. మంచి చరణం మధ్యలో లోన్ ఇస్తామంటూ కాల్ వస్తే ఆ బాధ మామూలుగా ఉండదు.
- రికార్డింగ్ మొదట్లో మీరే మాట్లాడండి: తేదీ, ఊరు, పాడేవాళ్లు చెప్పమన్న పేరు, ఏ పండుగ పాట. ఫైల్ పేరు మారిపోయినా ఈ వివరాలు లోపలే ఉంటాయి.

బడ్జెట్ ఉంటే జూమ్ హెచ్1 ఎసెన్షియల్ లాంటి చిన్న రికార్డర్ చూడొచ్చు. అది 32 బిట్ ఫ్లోట్‌లో రికార్డ్ చేస్తుంది, అంటే లెవెల్ తప్పు పెట్టినా తర్వాత చాలా వరకు సరిచేసుకోవచ్చు. కానీ అది కొనే దాకా ఆగొద్దు. జేబులో ఉన్న ఫోన్ చాలు.

సిగ్నల్ లేని చోట షేరింగ్

2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి 100 జియో 4జీ టవర్లు మొదలయ్యాయి, ఎక్కువ అల్లూరి జిల్లాలోనే. అయినా కొండ వెనక్కి వెళ్తే సిగ్నల్ ఉంటుందని గ్యారెంటీ లేదు. అక్కడ క్విక్ షేర్ వాడండి. నెట్ అవసరం లేదు, ఫైల్ ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

వాట్సాప్‌లో అయితే వాయిస్ మెసేజ్‌గా రికార్డ్ చేయొద్దు, వీడియోని గ్యాలరీ నుంచి మామూలుగా పంపొద్దు. రెండూ బాగా కంప్రెస్ అవుతాయి. "డాక్యుమెంట్" ఆప్షన్‌తో పంపితే 2 జీబీ దాకా ఒరిజినల్ ఫైలే వెళ్తుంది. గ్రూపుల్లో పదిసార్లు ఫార్వర్డ్ అయిన పాటలో డోలు బకెట్ మోతలా ఎందుకు ఉంటుందో ఇప్పుడు అర్థమైందిగా!

బ్యాకప్‌కి పాత సూత్రమే: మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్, ఒకటి వేరే చోట. ఫోన్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. ఇంకా ముఖ్యంగా, పాడినవాళ్ల ఇంట్లో ఒక కాపీ ఇచ్చి రండి.

డీజే మిక్స్ తప్పా?

దీని మీద గొడవ ఎప్పుడూ ఉండేదే. థింసా బీట్‌కి డీజే బేస్ కలిపితే పాట చచ్చిపోయింది అనేవాళ్లు కొందరు. అలా కలపబట్టే కుర్రాళ్లు పాడుతున్నారు అనేవాళ్లు ఇంకొందరు. మా మాట ఏంటంటే, మిక్స్ చేయండి, డ్యాన్స్ చేయండి, తప్పేం లేదు. పాట బతికేది వాడుకలోనే. కానీ మిక్స్ కింద అసలు రికార్డింగ్ లింక్ ఉండాలి. పాడింది ఏ ఊరివాళ్లో రాసి ఉండాలి. మిక్స్ మాత్రమే మిగిలి అసలు పోతే మాత్రం అది నష్టమే.

పాట ఎవరిది?

కార్టర్, రిడిల్ కథ ఇక్కడ పనికొస్తుంది. మన చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్ మీద కాపీరైట్ 60 ఏళ్లు, పాడినవాళ్లకి పెర్ఫార్మర్ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. అంటే ఫోన్ మీదైనా గొంతు వాళ్లది. అడగకుండా యూట్యూబ్‌లో పెట్టి మానిటైజ్ చేయడం కరెక్ట్ కాదు. ఇంకో రిస్క్ కూడా ఉంది: ఎవరో ఆ పాటని తమ పేరు మీద డిస్ట్రిబ్యూటర్ ద్వారా రిజిస్టర్ చేసుకుంటే, రేపు అదే ఊరి పిల్లలు తమ పండుగ వీడియో పెట్టినప్పుడు వాళ్లకే క్లెయిమ్ రావొచ్చు.

అందుకే రికార్డింగ్‌కి ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇది రికార్డ్ చేయొచ్చా? బయటివాళ్లకి వినిపించొచ్చా? పేరు వేయాలా వద్దా? పూజ పాటలు, చావు పాటలు బయటికి వద్దంటే వద్దు, అంతే. జవాబులు కూడా అదే ఫైల్‌లో రికార్డ్ చేస్తే తర్వాత గొడవ ఉండదు.

ఫైనల్‌గా

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1945లో ఈ కొండరెడ్ల మీద పెద్ద పుస్తకం అచ్చు వేశాడు. ఆయన తీసిన ఫోటోలు, ఫిల్ములు ఇప్పుడు లండన్‌లో సోయాస్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. మన్యం జ్ఞాపకాలు చూడాలంటే లండన్ వైపు చూడాల్సి రావడం అప్పటి పరిస్థితి. అప్పుడు కెమెరా ఉన్నది ఆయన దగ్గరే. ఇప్పుడు అంతకంటే మంచి కెమెరా, మైక్ రంపచోడవరం కుర్రాళ్ల జేబులోనే ఉన్నాయి. పాడే ముసలివాళ్లూ ఆ పక్క ఇంట్లోనే ఉన్నారు.

వచ్చే పండుగకి ఊరెళ్తున్నారా? రికార్డర్ యాప్‌లో ఫార్మాట్ వేవ్‌కి మార్చి, స్టోరేజ్‌లో ఒక 2 జీబీ ఖాళీ చేసుకుని వెళ్లండి. మిగతాది వాళ్లు పాడతారు.