ఎముక వేసుకునే లెక్క

ఎముక ఇంటికి దూలం లాంటిదని బడిలో పిల్లలకు చెబుతుంటాం. ఆ పోలిక సగమే సరి. ఒకసారి ఎత్తిన దూలం మందం మారదు. ఎముక అలా కాదు, మీద పడే బరువును బట్టి ఒకచోట మందమవుతుంది, ఇంకోచోట పలచబడుతుంది. టెన్నిస్ ఆటగాళ్లపై 1977లో వెలువడిన ఒక అధ్యయనంలో, రాకెట్ పట్టే చేతి జబ్బ ఎముక గోడ రెండో చేతికంటే పురుషుల్లో సుమారు 35 శాతం మందంగా ఉన్నట్టు తేలింది. మనిషి ఒక్కడే, తినే తిండీ ఒక్కటే. తేడా పనిలోనే.

దీని వెనక లెక్క ఉందని మొదట పసిగట్టినవారిలో ఒకరు డాక్టరు కాదు, ఇంజనీరు. 1866లో జ్యూరిక్‌లో కార్ల్ కుల్‌మన్ అనే ఆయన, హెర్మన్ ఫాన్ మేయర్ కోసి చూపించిన తొడ ఎముక పైభాగాన్ని చూశారు. లోపలి సన్నని ఎముక పోగులు, తాను క్రేన్ కోసం గీసిన ఒత్తిడి రేఖల తీరులోనే వంపు తిరిగి ఉన్నాయి! జర్మనీకి చెందిన జూలియస్ వోల్ఫ్ 1892లో దీన్ని ఒక నియమంగా గ్రంథంలో ప్రతిపాదించారు. కానీ ఆయన దగ్గర సమీకరణం లేదు. అది వచ్చేసరికి ఇంకో శతాబ్దం దగ్గరపడింది.

ఆ సమీకరణం సారాంశం పదో తరగతి విద్యార్థికి కూడా అందుతుంది. ఎముక పెరిగే వేగం = ఒక స్థిరాంకం × (ఇప్పుడు పడుతున్న పని − అలవాటైన పని). బ్రాకెట్లోది ధనాత్మకమైతే ఎముక చేరుతుంది, రుణాత్మకమైతే కరుగుతుంది. పనిని కొలవడానికి వికృతి, అంటే ఎముక ఎంత సాగింది, ఎంత కుదించుకుంది అన్నది చూస్తారు. మీటరు పొడవున్న కడ్డీ ఒక మిల్లీమీటరు కుదించుకుంటే అది 1000 మైక్రోస్ట్రెయిన్. అమెరికా ఎముకల వైద్యుడు హెరాల్డ్ ఫ్రాస్ట్ 1987లో దీన్ని ‘మెకనోస్టాట్’ అన్నారు. ఇస్త్రీ పెట్టెలో వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ ఉంటుంది కదా, అలాంటిదే. ఆయన అంచనాలో సుమారు 1500 దాటితే కొత్త ఎముక చేరుతుంది, 100 లోపుకు పడిపోతే ఉన్నది పోతుంది. 25,000 దగ్గర విరుగుతుంది. మధ్యలో పెద్దగా మార్పులేని మేర ఒకటి ఉంది. నెదర్లాండ్స్ పరిశోధకుడు రిక్ హౌస్కెస్ బృందం తమ కంప్యూటర్ నమూనాలో దానికి ‘సోమరి మండలం’ అని పేరు పెట్టింది. పేరు బాగుంది.

నాకు ఇందులో నచ్చేది ఒకటుంది. ఎముక మందమైతే అదే బరువుకు తక్కువ కుదించుకుంటుంది. కాబట్టి బ్రాకెట్లో తేడా తగ్గుతూ వచ్చి, పెరుగుదల దానంతట అదే ఆగిపోతుంది. మంచం పట్టిన మనిషిలో మాత్రం ఇది పనిచేయదు. బరువే పడనప్పుడు ఎముక ఎంత పలచబడినా కుదింపు పెరగదు, తేడా పూడదు. వ్యోమగాముల తుంటి ఎముక నెలకు సుమారు 1 నుంచి 1.5 శాతం చొప్పున తగ్గడానికి కారణం ఇదే. పైగా తొలగించే కణాల పని వారాల్లో ముగుస్తుంది, నింపే కణాలకు నెలలు పడుతుంది.

తుంటి మార్పిడిలోనూ ఈ లెక్కే. తొడ ఎముకలోకి దించే లోహపు కాడ మరీ బిరుసైతే బరువంతా తానే మోస్తుంది, చుట్టూ ఉన్న ఎముకకు పని తప్పి పలచబడుతుంది. మెత్తటి కాడ పెడితే ఎముక నిలుస్తుంది కానీ, అది ఎముకతో అతుక్కునే చోట ఒత్తిడి పెరుగుతుంది. ఈ ఇరకాటాన్ని రోగి శరీరంలోకి వెళ్లకముందే కంప్యూటర్‌లో చూడగలగడం ఆ నమూనాల వల్ల కలిగిన అసలు లాభం.

వయసు, ఆహారం, స్త్రీలలో నెలసరి ఆగాక వచ్చే మార్పులు ఆ స్థిరాంకాన్నీ, అలవాటు మట్టాన్నీ మారుస్తాయి. అందుకే ఒకే అంకె అందరికీ వర్తించదు.

1984లో రూబిన్, లానియన్ అనే ఇద్దరు పక్షి రెక్క ఎముకపై చేసిన ప్రయోగం గమనించదగ్గది. రోజుకు 4 సార్లు బరువు వేస్తే ఎముక నిలిచింది. 36 సార్లు వేస్తే పెరిగింది. 1800 సార్లు వేసినా అంతకుమించి లాభం లేదు. పక్షి లెక్కను మనిషికి యథాతథంగా తేలేం. అయినా, తుంటి ఆపరేషన్ అయిన దాదీనో నానీనో డాక్టరు సరేనన్నాక రోజూ కొన్నిసార్లు లేపి నిలబెట్టి నాలుగడుగులు వేయించడం ఎందుకు ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆపరేషన్‌కు లక్ష ఇచ్చే దాతలు మనలో ఉన్నారు. ఆ తర్వాత కావలసింది ఒక వాకర్, కొన్ని వారాలపాటు ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు. చిన్న ఖర్చు కాబట్టి అడగడానికి చాలా కుటుంబాలు మొహమాటపడతాయి.