శుక్రవారం సాయంత్రం బెంగళూరుకు ఏ దారిన వెళ్లాలి?

హోసూరు నుంచి బెంగళూరు మెజెస్టిక్‌కు సుమారు 40 కిలోమీటర్లు. ఆదివారం తెల్లవారుజామున బయలుదేరితే గంట, గంటంపావులో చేరిపోతాం. ఆ లెక్కనే మనసులో పెట్టుకుని, శనివారం ఉదయం పరీక్షో ఇంటర్వ్యూనో ఉన్న పిల్లలను శుక్రవారం సాయంత్రం కారులో తీసుకువెళ్లే తల్లిదండ్రులు మనలో చాలామంది ఉన్నారు. పోయిన ఏడాది నేనూ మనవరాలిని అలాగే తీసుకువెళ్లాను.

చందాపురం దగ్గర బండ్లు కదలడం లేదని ఫోను చెప్పింది. అత్తిబెలెలో ఎడమకు తిరిగి ఆనేకల్ దారి పట్టాను. ఫోను మాట విన్నవాళ్లందరూ అక్కడే ఉన్నారు! ఇరుకు రోడ్డు, ఎదురుగా టిప్పర్లు, పైగా జిగణి ఫ్యాక్టరీల్లో షిఫ్టు వదిలిన వేళ. 6 గంటలకు బయలుదేరితే బంధువుల ఇల్లు చేరేసరికి 10 దాటింది. పిల్ల సరిగా అన్నం తినలేదు. "తాతా, హాల్ టికెట్ బ్యాగులోనే ఉంది కదా?" అని రాత్రి రెండుసార్లు లేచి అడిగింది. దారి తప్పుగా ఎంచింది నేను, మరునాడు నిద్ర కళ్లతో పరీక్ష రాసింది ఆమె.

శుక్రవారం ప్రత్యేకత ఏమిటంటే, రెండు రద్దీలు ఒకే రోడ్డు మీద కలుస్తాయి. ఎలక్ట్రానిక్ సిటీ, బొమ్మసంద్రల నుంచి కంపెనీ బస్సులు ఊళ్లోకి పోతుంటాయి. సేలం, కోయంబత్తూరు, మదురై వెళ్లేవాళ్లు ఊరు విడిచి ఎదురు వస్తుంటారు. అడ్డదారులు కూడా అందుకే నిండిపోతాయి. వార్‌డ్రాప్ అనే ఇంగ్లండు పరిశోధకుడు 1952లోనే ఈ సంగతి సూత్రంగా చెప్పాడు. ప్రతివాడూ తనకు త్వరైన దారి వెతుక్కుంటూ పోతే, చివరకు జనం వాడే దారులన్నింటిలోనూ పట్టే సమయం ఇంచుమించు సమానమవుతుంది. అప్పుడు అడ్డదారిలో మిగిలేది ఏమీ ఉండదు. పోయేది మాత్రం ఉంది: ఇరుకు రోడ్డులో ఒక్క లారీ చెడిపోతే పక్కనుంచి వెళ్లే వీలుండదు.

బ్యాంకులో అప్పు అర్జీ వస్తే, వ్యాపారి మంచి నెల రాబడి కాదు, చెడ్డ నెలలో వాయిదా కట్టగలడా అని చూసేవాళ్లం. దారికీ అదే లెక్క. ఫోను మ్యాపులో బయలుదేరే రోజు, గంట ముందుగా పెట్టి చూడండి. గంటం పావు నుంచి రెండు గంటలు అని రెండు అంకెలు చూపిస్తుంది. మనం నమ్మవలసింది పెద్ద అంకెను. దాని మీద మరో అరగంట కలుపుకోండి.

ఇక దారి సంగతి. పరీక్షా కేంద్రం మైసూరు రోడ్డు, మాగడి రోడ్డు, తుమకూరు రోడ్డు వైపు ఉంటే ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర నైస్ రోడ్డు ఎక్కడం మేలు. తుమకూరు రోడ్డు దాకా సుమారు 41 కిలోమీటర్లు, టోలు బాగానే పడుతుంది. దూరం ఎక్కువే గాని సిగ్నళ్లు లేవు, నగరం మధ్యకు పోనక్కరలేదు. జయనగర్, మెజెస్టిక్ వైపు అయితే 2010లో తెరిచిన పైవంతెన రోడ్డు అందరికీ గుర్తొస్తుంది. పైన పది కిలోమీటర్లు హాయిగా సాగినా, దిగాక సిల్క్ బోర్డు కూడలి కాచుకుని ఉంటుంది. అటువైపు వెళ్లేవారికి నా సలహా, కారు బొమ్మసంద్ర దాకా చాలు. అక్కడినుంచి ఆర్.వి. రోడ్డుకు 2025 ఆగస్టులో మెట్రో పసుపు మార్గం మొదలైంది, సుమారు 19 కిలోమీటర్లు. ఆర్.వి. రోడ్డులో మారితే ఆకుపచ్చ మార్గం మెజెస్టిక్, యశవంతపురం మీదుగా పోతుంది. సిల్క్ బోర్డు రద్దీ కిందే ఉండిపోతుంది. పిల్లలను దింపి వెనక్కి వచ్చే తండ్రులు మాత్రం ఊరు విడిచే గుంపులో ఇరుక్కుంటారు. ఒక గంట ఓపిక పట్టి, భోజనం చేసి బయలుదేరడం నయం.

టోలు ఉన్న దారి పడితే ఫాస్టాగ్‌లో డబ్బు ఉందో లేదో ఇంట్లోనే చూసుకోండి. పరీక్ష శనివారం మధ్యాహ్నం అయితే శుక్రవారం ప్రయాణమే వద్దు. పిల్లలను ఇంట్లో నిద్రపోనిచ్చి, తెల్లవారి 6 గంటలకు బయలుదేరండి. ఆదివారం పరీక్షలకు మాత్రం మెట్రో మొదటి బండి ఎన్నింటికో ముందే కనుక్కోండి, ఆ రోజు మిగతా రోజులకన్నా ఆలస్యంగా మొదలవుతుంది.