పసిపాదాలకు తగిన పాదరక్షలు

జూన్‌లో బడులు తెరిచే వేళ చెప్పుల దుకాణాలలో నాకు తరచు వినిపించే మాట: "రెండేళ్ళు రావాలి, ఒక సైజు పెద్దదే ఇవ్వండి." పొదుపు మంచిదే. కాని వదులు బూటులో పాదం ముందుకు జారుతుంది. దానిని పట్టి ఉంచడానికి బిడ్డ వేళ్ళు ముడుచుకొని నడవవలసి వస్తుంది. బిగుతు బూటు మరింత హానికరం. శిశువు పాదంలో ఎముకలు చాలావరకు మృదులాస్థి రూపంలో ఉండి, యౌవనం వచ్చేవరకు క్రమంగా గట్టిపడతాయి. ఆ మెత్తని వేళ్ళు నొక్కుకున్నా ఎందరో పిల్లలు నొప్పి అని చెప్పరు. కనుక "సరిపోయిందా?" అని అడిగి, తల ఊపగానే కొనడం నాకు సమ్మతం కాదు. కొత్త బూటు మోజులో ఏ పిల్లవాడు కాదంటాడు?

కొలత సాయంకాలం తీసుకోవాలి. పగలంతా తిరిగిన పాదం కొంత ఉబ్బి ఉంటుంది. బిడ్డను దళసరి కాగితంపై నిలబెట్టి, రెండు పాదాల చుట్టూ గీసి కత్తిరించండి. రెండూ సమానంగా ఉండనక్కరలేదు, పెద్దదే ప్రమాణం. బూటులో ఉంచినపుడు కాగితం అంచులు ముడుచుకోరాదు. మేజోళ్ళతో తొడిగి నిలబడితే పొడవైన వేలి ముందు సుమారు 1 సెంటీమీటరు ఖాళీ ఉండాలి, మడమ జారరాదు. అన్న విడిచిన బూటు అతని నడకకు అరిగి ఉంటుంది, తమ్మునికి తొడగకండి.

చరక సంహిత సూత్రస్థానం 5వ అధ్యాయం పాదరక్షల ధారణతోపాటు పాదాభ్యంగాన్నీ చెప్పింది. రాత్రివేళ గోరువెచ్చని నువ్వులనూనెతో వేళ్ళు మర్దించే తల్లికి ఎర్రబడిన చోటు, బొబ్బ, ఆనె వెంటనే కంటబడతాయి. అవి కనిపించినపుడు ఆ బూటును మరునాడు తొడగరాదు. పాదాన్ని మళ్ళీ కొలవాలి.