నెమలిపిల్లల పోషణ - వ్యాధి నివారణ: గోదావరి డెల్టా నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

నెమలిని గురించి మన భాషలో ఉన్న పదసంపద చాలావరకు ఎదిగిన మగపక్షికి చెందినది. దాని పిల్లను గురించిన వాడుకలు కోళ్ల పెంపకం నుండి వచ్చాయి. కోడి ద్వారా వచ్చిన ఈ పరిజ్ఞానం గోదావరి డెల్టాలో నెమలిపిల్లకు ఎంతవరకు ఉపకరిస్తుందో, ఎక్కడ హాని చేస్తుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నెమలిపిల్ల, పొదుగుకోడి, గోదావరి డెల్టా, బ్లాక్‌హెడ్, కొక్కెర తెగులు, వన్యప్రాణి సంరక్షణ.

1. ఉపోద్ఘాతం:

నెమలికి మయూరం, బర్హి, నీలకంఠం, శిఖి, కేకి, భుజంగభుక్కు, మేఘనాదానులాసి వంటి పర్యాయపదాలను అమరకోశం చెప్పింది. బర్హి అన్న పేరు పింఛాన్ని బట్టి, శిఖి అన్నది తలమీది సిగను బట్టి, కేకి అన్నది కూతను బట్టి ఏర్పడ్డాయి. గుడ్డు నుండి అప్పుడే వెలువడిన పిల్లకు వీటిలో ఏదీ ఉండదు. గోధుమవన్నె నూగుతో కోడిపిల్లను పోలి ఉండే ఆ ప్రాణిని 'నెమలిపిల్ల' అనే అంటున్నాం. దాని పెంపకాన్ని గురించి మాట్లాడేటప్పుడు పొదగడం, పొదుగుకోడి, గంప కింద మూయడం, నూకలు చల్లడం వంటి కోళ్ల పెంపకపు మాటలనే వాడుతున్నాం. మాటలతో పాటు పద్ధతులు కూడా కోడి నుండే వచ్చాయి. అసలు సమస్య అక్కడే మొదలవుతుంది.

2. చట్టం విధించిన హద్దు:

భారత ప్రభుత్వం 1963లో నెమలిని జాతీయపక్షిగా ప్రకటించింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానిని మొదటి షెడ్యూలులో చేర్చింది. ఆ చట్టం దృష్టిలో అడవిపక్షుల గుడ్లను పాడుచేయడమే కాదు, గుడ్లను, గూటిని కదపడం కూడా 'వేట' కిందికే వస్తుంది. కనుక పొలంగట్టున కనిపించిన గుడ్లను జాలితో ఇంటికి తెచ్చి కోడి కింద పెట్టడం కూడా నేరమే అవుతుంది. గూడు కనిపిస్తే దానిని అలాగే విడిచిపెట్టాలి. తల్లి లేని పిల్ల దొరికితే అటవీశాఖకు తెలియజేయాలి. విశాఖపట్నంలోని ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాల వంటి సంస్థలలో, అటవీశాఖ సంరక్షణలో, పశువైద్యుల పర్యవేక్షణలో జరిగే పోషణకు సంబంధించినవే ఈ కింది విషయాలు.

3. కోడిపిల్ల - నెమలిపిల్ల:

గోదావరి జిల్లాలలో కోళ్ల పెంపకానికి గట్టి సంప్రదాయం ఉంది. తణుకు పరిసరాలు గుడ్ల ఉత్పత్తికి ప్రసిద్ధి. భీమవరం ప్రాంతంలో సంక్రాంతి కోసం పందెంకోళ్లను ఏడాది పొడవునా సాకుతారు. ఆ కోళ్ల రంగులకు కాకి, డేగ వంటి పేర్లతో పాటు 'నెమలి' అన్న పేరు కూడా ఉంది. అయితే పేరు కలిసినంత మాత్రాన జీవలక్షణాలు కలవవు.

కోడిగుడ్డు 21 రోజులలో పిల్ల అవుతుంది. నెమలిగుడ్డుకు 28 రోజులు పడుతుంది. కోడిపిల్ల మొదటిరోజు నుండే నేలమీది గింజను పొడుచుకొని తింటుంది. నెమలిపిల్ల మాత్రం తొలిరోజులలో తల్లి ముక్కుతో చూపిన మేతనే అందుకుంటుంది. తల్లి లేనప్పుడు దానికి మేతను చూపించి నేర్పవలసి ఉంటుంది. కోడిపిల్ల వారాల తరబడి నేలమీదనే తల్లి రెక్కల కింద పడుకుంటుంది. నెమలిపిల్లకు రెక్కల ఈకలు త్వరగా వస్తాయి, అది చిన్నవయసులోనే ఎత్తుకు ఎగరాలని చూస్తుంది. కనుక దానికి గంప చాలదు, ఎక్కి కూర్చునేందుకు తక్కువ ఎత్తులో కర్రలు అమర్చిన గది కావాలి.

4. వెచ్చదనం, పొడినేల, మేత:

మొదటివారంలో పిల్లలు ఉండే చోట దాదాపు 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. తరువాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. పిల్లలు దీపం కింద గుంపుగా ముడుచుకుంటే చలి ఎక్కువగా ఉన్నట్లు, దూరంగా జరిగి నోరు తెరిచి రొప్పితే వేడి ఎక్కువైనట్లు గ్రహించాలి. నున్నని కాగితం పరిస్తే కాళ్లు జారి ఎడమైపోతాయి. పొడిగా ఉన్న వరిఊక మేలు. అది తడిసిన వెంటనే మార్చాలి. లోతులేని పాత్రలో గులకరాళ్లు వేసి నీరు పోస్తే పిల్లలు మునిగిపోయే ప్రమాదం ఉండదు.

డెల్టాలో కోడిపిల్లలకు నూకలు చల్లడం అలవాటు. నూకలలో ప్రధానంగా ఉండేది పిండిపదార్థం. అడవిలో పురుగులను ఏరుకొని పెరిగే నెమలిపిల్లకు మాంసకృత్తులు అధికంగా కావాలి. అందువల్ల సుమారు 28 శాతం మాంసకృత్తులు ఉండే టర్కీపిల్లల దాణాను వాడతారు. పల్లెలలో కోడిపిల్లలకు చెదలు పెట్టే పాత అలవాటు ఈ విషయంలో నూకల కన్నా శాస్త్రానికి దగ్గరగా ఉంది.

5. వానకారు - బ్లాక్‌హెడ్ వ్యాధి:

నెమలిపిల్లలకు పొంచి ఉన్న ప్రధాన ప్రమాదాలలో బ్లాక్‌హెడ్ ఒకటి. 19వ శతాబ్ది చివర అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో టర్కీకోళ్లలో దీనిని గుర్తించారు. పేరు అలా ఉన్నా తల నల్లబడటం దీని ముఖ్యలక్షణం కాదు. హిస్టొమోనాస్ అనే ఏకకణజీవి పేగులలోని అంధనాళాన్ని, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పిల్ల రెక్కలు వాల్చి మగతగా నిలబడటం, గంధకం వంటి పసుపురంగు రెట్ట వేయడం దీని సూచనలు.

ఈ సూక్ష్మజీవి కోడి అంధనాళంలో నివసించే హెటిరాకిస్ అనే నులిపురుగు గుడ్లలో దాగి నేలకు చేరుతుంది. ఆ గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి నిలుస్తాయి. వాటిని మింగిన వానపాములు కూడా వ్యాధిని మోస్తాయి. కోడి చాలావరకు ఆరోగ్యంగానే కనిపిస్తుంది, నెమలిపిల్ల మాత్రం ప్రాణం కోల్పోతుంది. అంటే నెమలిగుడ్లను పొదిగి, పిల్లలను రెక్కల కింద కాచే కోడే తెలియకుండా వాటికి వ్యాధిని అందించవచ్చు.

ఇక్కడ డెల్టా స్వభావాన్ని గమనించాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల కింద వరిసాగు విస్తరించిన నేల ఇది. నెమలిపిల్లలు వానకారులోనే ఎక్కువగా పుడతాయి. వానపాములు పైకి వచ్చే కాలమూ అదే. మేఘనాదానులాసి అన్న పేరు ఎదిగిన నెమలికి వాన తెచ్చే ఉల్లాసాన్ని చెబుతుంది. అదే వాన తడినేలపై తిరిగే పిల్లకు గండంగా మారుతుంది. కనుక కోళ్లు తిరిగిన నేలపై నెమలిపిల్లలను వదలకూడదు. తొలినెలలలో వాటిని నేలకు ఎత్తుగా, జాలీ అడుగున్న గూళ్లలో ఉంచి, పశువైద్యుని సలహాపై నులిపురుగుల మందు వేయించాలి.

6. ఇతర వ్యాధులు:

తడి ఊకలో రక్తపారుడు కలిగించే కాక్సిడియా వృద్ధి చెందుతుంది. రెట్టలో రక్తం కనిపించిన వెంటనే చికిత్స మొదలుపెట్టాలి. కొక్కెర తెగులును మనదేశంలో రాణిఖేత్ వ్యాధి అని, ఇతరచోట్ల న్యూకాసిల్ వ్యాధి అని వ్యవహరిస్తారు. ఇది నెమళ్లకు కూడా సోకుతుంది, టీకాతోనే దీనిని నివారించాలి. మశూచిని దోమలు వ్యాపింపజేస్తాయి కనుక కాలువగట్ల సమీపంలో దోమతెర తప్పనిసరి. 2025 ఫిబ్రవరిలో పశ్చిమగోదావరి జిల్లా వేల్పూరులోను, తూర్పుగోదావరి జిల్లా కానూరు అగ్రహారంలోను కోళ్లలో బర్డ్‌ఫ్లూ నిర్ధారణ అయింది. కోళ్లఫారం నుండి వచ్చినవారు చెప్పులు, బట్టలు మార్చుకోకుండా నెమలిపిల్లల దగ్గరకు పోరాదన్న నియమం ఎంత అవసరమో ఈ సంఘటన తెలియజేస్తుంది.

7. ముగింపు:

కోళ్ల పెంపకం నేర్పిన వెచ్చదనం, శుభ్రత, చెదల మేత నెమలిపిల్లకు ఉపకరిస్తాయి. కోడితో సహవాసం, నూకల మేత, తడినేల దానికి హాని చేస్తాయి. గోదావరి జిల్లాల కోళ్ల పెంపకపు పదజాలాన్ని సేకరించే పరిశోధకులు, ఆ పదాల వెనుక ఉన్న పద్ధతులను కూడా నమోదు చేస్తే అది భాషాధ్యయనానికీ, పశువైద్యానికీ ఉపయోగపడుతుంది. పొలంలో నెమలిగూడు కనిపించిన రైతుకు మాత్రం చెప్పవలసినది ఒక్కటే: గుడ్లను కోడి కింద పెట్టవద్దు, తల్లికే వదిలిపెట్టండి.